తెర తీసేదాకా

తెర వేశాక సన్నాయి ఆగకూడదు. బజారు గుడిలో అంతకు మించిన నియమం లేదు. నైవేద్యం వేళ గర్భగుడి ముందు ఎర్ర తెర లాగుతారు. పంతులుగారు మళ్లీ దాన్ని పక్కకు తీసేదాకా సన్నాయి మోగుతూనే ఉండాలి. స్వామి భోంచేస్తుంటే లారీల హారన్లూ, బేరాల గోలా ఆయన చెవిన పడకూడదని ఆ పద్ధతి.

ఆ ఉదయం తెర ఇంకా తీయకుండానే సన్నాయి ఆగిపోయింది.

వాయించేది మనిషైతే జనం అతనికేసి చూసేవారు. వాయిస్తున్నది అరుగు మీద పెట్టిన చిన్న పెట్టె. ఎటు చూడాలో తెలియక అందరూ మండపం కప్పుకేసి చూశారు. స్తంభానికి కట్టిన స్పీకరు సన్నగా గుర్రుమంటోంది. బయట బస్తాల లారీ వెనక్కి వస్తూ కూత పెట్టింది. "కిలోకి ఎంతమ్మా తగ్గిస్తావు?" అని ఎవరో ఎవరినో అడగడం గుళ్లోకి స్పష్టంగా వినిపించింది.

ఆ పెట్టెను తయారుచేసిన వీరదుర్గ స్తంభం వెనక నిలబడి ఉంది. ఇంకాసేపు ఆగు, ఇంకాసేపు, అని మనసులో దాన్ని బతిమాలుకుంటోంది.

పెట్టె పక్కనే, అరుగు మీద తన చోట్లో, వాళ్ల నాన్న లోవరాజు కూర్చుని ఉన్నాడు. గుడి సన్నాయి ఆయనది. ఆయన తండ్రీ ఆ అరుగు మీదే వాయించాడు. ఇప్పుడు సన్నాయి గుడ్డసంచిలో, ఆయన ఒళ్లో ఉంది. శబ్దం ఆగగానే ఆయన చెయ్యి దానంతటది సంచి ముడి మీదికి వెళ్లింది. ముడి సగం విప్పి, ముందు వరసలో ఉన్న గుడి కమిటీ పెద్ద సత్తిబాబుగారి వంక చూశాడు.

సత్తిబాబుగారు అరచెయ్యి అడ్డంగా ఊపారు. వద్దు.

ఈలోగా పెట్టె 'గ' అంది. వెంటనే రెండుసార్లు 'స', ఆ తర్వాత పొడుగ్గా 'ప'. జనం మళ్లీ కళ్లు మూసుకున్నారు. లోవరాజు ముడి బిగించాడు.

హారతి అయ్యాక సత్తిబాబుగారు వీరదుర్గను పక్కకు పిలిచారు. ఆయనది నూనెల హోల్‌సేల్ వ్యాపారం. గొంతు ఎప్పుడూ పెంచరు.

"ఏంటమ్మా, ఆగిపోయిందేంటి?"

"పాడవలేదండి. అప్పుడు కణం పడలేదు."

"పడకపోవడం ఏంటి?"

"అవి ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరండి. వాన మొదట్లో చినుకులు పడతాయి చూడండి, అలాగ. ఒక్కోసారి వెంటవెంటనే నాలుగు పడతాయి. ఒక్కోసారి చాలాసేపు ఒక్కటీ పడదు."

"ఇంకాస్త ఎక్కువ రప్పించు."

"నా చేతిలో లేదండి. ఎవరి చేతిలోనూ లేదు."

సత్తిబాబుగారు పెట్టెకేసి చూశారు. అందులో పెద్దగా ఏమీ లేదు. అరచేయంత ప్లాస్టిక్ పలకలు రెండు, వెలుతురు దూరకుండా నల్ల టేపు చుట్టి, ఒకదాని కింద ఒకటి. గాలి పైపొరల్లో పుట్టిన మ్యూయాన్ అనే కణం గుడి కప్పులోంచి, పలకల్లోంచి, అరుగులోంచి భూమిలోకి దూసుకుపోతుంది. పోతూ పోతూ పలకల్లో కంటికి కనపడని మెరుపు మెరిపిస్తుంది. మెరుపును బట్టి ఒక స్వరం మోగుతుంది.

"తెర వేసి ఉండగా ఖాళీ రాకూడదమ్మా," అన్నారాయన. "మా తాతగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. రేపు కూడా ఇలాగే ఆగితే మాత్రం తీసేద్దాం. ఏమీ అనుకోకు."

"అలాగేనండి," అంది వీరదుర్గ. సంతోషం మొహంలో కనపడుతుందేమోనని తల దించుకుంది.

కాలవగట్టు మీద తండ్రీకూతుళ్లు ఇంటికి నడిచారు. వంతెన దగ్గర దగ్గు వస్తే లోవరాజు పిట్టగోడ పట్టుకుని ఆగాడు.

"నీ మిషను ఆగిపోతే నాకు గుండె జారిపోయిందమ్మా. అంతమందిలో నీ పరువు పోద్దని."

"ఆగితేనే నీ చోటు నీకొస్తుంది నాన్నా."

"నా చోటు ఎక్కడికి పోయింది? అక్కడే కూచున్నాగా."

"సంచి విప్పకుండా."

లోవరాజు మళ్లీ నడక మొదలుపెట్టాడు. నిన్న, ఉత్సవం మొదటి రోజు పూజ అయ్యాక సత్తిబాబుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాట ఇద్దరికీ గుర్తుంది. 'నీకు దగ్గు కదా లోవరాజూ, ఇక రెస్టు తీసుకో. స్వామి తన సన్నాయి తనే వాయించుకుంటున్నాడు.' ఉత్సవం నాలుగు రోజులూ పక్కన ముచ్చటగా ఉంటుందని తీసుకెళ్లిన పెట్టె అది. పెట్టమని కూతురి వెంటపడింది లోవరాజే. మన గుడే కదా, నలుగురూ నీ చదువు చూస్తారు, అన్నాడు.

డోలు వాయించే అప్పలకొండ కూడా ఒకప్పుడు అలాగే పక్కన కూర్చున్నాడు. కరెంటుతో గంటా డోలూ కొట్టే యంత్రం వచ్చిన కొత్తలో. ఇప్పుడు కాకినాడలో ఆటో తోలుతున్నాడు.

"అయినా నాకొకటి అర్థం కాదు," అన్నాడు లోవరాజు. "ఆకాశంలోంచి పడే దానికి మోహన రాగం ఎలా తెలుసు?"

"దానికేం తెలీదు నాన్నా. మోహన ఎంచింది నేను." ఇది ఎన్నిసార్లు చెప్పిందో. "మొదట టిక్కు టిక్కుమనేది. టిక్కులు ఎవరు వింటారు, ఏదైనా మ్యూజిక్ పెట్టు అన్నారు మా మేడం. ఏ స్వరం తర్వాత ఏది పడినా చెవికి గుచ్చుకోని రాగం కావాలి. నువ్వే చెప్పావు, మోహన అయితే పిల్లలు కలిపి కొట్టినా బాగానే ఉంటుందని. నీ చేత ఐదు స్వరాలు వాయించుకుని ఫోన్లో రికార్డు చేశాను. ఏ రాగం పెడితే ఆకాశం ఆ రాగమే పాడుతుంది."

"మరి ఆకాశం మోహన పాడుతోందని ఫోన్లలో తిప్పుతున్నారు."

"కాలేజీ ఎగ్జిబిషన్‌లో ఎవరో వీడియో తీసి ఆ పేరు పెట్టారు. నేను పెట్టలేదు."

"పోనీలే. మంచి మాటే కదా."

ఇంటికి వెళ్లగానే లోవరాజు సన్నాయి బయటికి తీశాడు. రెల్లుతో చేసిన పీకను నాలుక మీద తడిపి, వెలుతురుకు ఎత్తి చూసి, అంచును చిన్న కత్తితో గీశాడు. మళ్లీ తడిపి చూశాడు. రేపటి కోసమని ఆయన అనలేదు. వీరదుర్గా అడగలేదు. ఆయన గోరువెచ్చటి నీళ్లలో మిరియాలపొడి వేసుకుని తాగాడు.

మర్నాడు లోవరాజు ముందే వెళ్లాడు. వీరదుర్గ బజారు మలుపు తిరుగుతుంటే స్పీకరు వినిపించింది. ఇంకా తెర వేసి ఉండరు, అనుకుంది. వేస్తారు, ఖాళీ వస్తుంది, అంతే.

ఆమె మెట్లు ఎక్కేసరికి తెర లాగారు. స. రి. గ. మళ్లీ గ. ప. ఆమె స్తంభం పట్టుకుంది. ద, ప, స, స, గ. ఒకటి ఆగకముందే ఇంకొకటి. తెర వెనక గంట వినిపించింది. రి, రి, ప. లోవరాజు అరుగు మీద సంచి ముడి విప్పి సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన కళ్లు కూతురిని వెతికాయి.

ఎంతకీ ఖాళీ రాలేదు. తెర తీశారు. హారతి వెలిగింది. పక్కనున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుని, "నిన్న అలిగాడు. ఇవాళ ఎంత బాగా వాయించుకున్నాడో చూడండి," అంది.

వీరదుర్గ కదల్లేదు. తీర్థం ఇస్తున్నంతసేపూ వింటూ నిలబడింది. ఇంత దగ్గరగా, ఇంత వరసగా పడటం అసాధ్యమేమీ కాదు. కానీ కాసేపటికి ఆమె వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. స, రి, గ, మళ్లీ గ, ప. ద, ప, స, స, గ. ఇందాక తెర వేసినప్పుడు విన్న వరస. రి, రి, ప. అచ్చం అదే. కణాలు ఒకసారి పడిన వరసలో ఇంత పొడుగున మళ్లీ పడవు.

జనం పలచబడ్డాక పెట్టె మూత తీసింది. లోపల పలకలు లేవు. అరుగు కిందికి వంగి చూసింది. దీపారాధన నూనె డబ్బాల వెనక, తీగలు చుట్టేసి, రెండు పలకలూ ఉన్నాయి. ఆంప్లిఫయర్‌కు గోరంత పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. దాని దీపం వెలుగుతూ ఆరుతోంది.

మైకుసెట్టు దుర్గాసాయి కొట్టు గుడికి ఎదురుగానే. పెళ్లి స్పీకర్లకు కొత్త గుడ్డ వేస్తూ, ఆమెను చూడగానే లేచాడు.

"నీకు చెబుదామనే అనుకున్నా చెల్లెమ్మా. నిన్న సాయంత్రం సత్తిబాబుగారు పిలిచి, ఆగకుండా చూడరా అన్నారు. నిన్నటిదంతా రికార్డింగ్ ఉంది నా దగ్గర. ఖాళీలు కోసేశాను. పెద్ద పనేం కాదు."

"అందులో కణాలే లేవు కదా అన్నయ్యా."

"ఎందుకు లేవు? నిన్న వచ్చినవే. నిన్న ఆకాశం నుంచి వచ్చినవి ఇవాళ్టికి యానాం నుంచి వచ్చినట్టు అయిపోతాయా?"

"జనానికి చెప్పారా మరి?"

దుర్గాసాయి చిన్న మేకులు నోట్లో పెట్టుకుని గుడ్డ బిగించడం మొదలుపెట్టాడు. "అది నా పని కాదమ్మా. నాది సౌండు."

వీరదుర్గ అక్కడే కొట్టు మెట్టు మీద కూర్చుని కాలేజీకి ఫోన్ చేసింది. ఫిజిక్స్ లెక్చరర్ లక్ష్మీప్రసన్న మేడం మొదటి రింగుకే ఎత్తింది.

"కంగ్రాట్స్ వీరదుర్గా. మీ గుడి వీడియో మా స్టాఫ్ గ్రూపులో కూడా వచ్చింది."

"మేడం, అది మన డిటెక్టర్ కాదు. తీసేసి రికార్డు పెట్టారు. మీరొక్కసారి సత్తిబాబుగారికి చెప్పండి మేడం. అది దేవుడూ కాదు, ఇప్పుడు కణాలూ కావు, మా నాన్న వాయించిన ఐదు స్వరాలు అంతే అని. మీరు చెబితే నమ్ముతారు."

అటు తలుపు మూసిన చప్పుడైంది.

"నువ్వు చెప్పేది కరెక్టే. కానీ ఆయన మా కాలేజీ సెక్రటరీగారి వియ్యంకుడు. మొన్న ఎగ్జిబిషన్‌లో నాకు శాలువా కప్పింది కూడా ఆయనే. నేనెళ్లి ఏమని చెప్పను?" మేడం గొంతు తగ్గించింది. "ఉత్సవం రేపటితో అయిపోతుంది కదా. నీ పేరు బయటికొచ్చింది. దాన్ని నువ్వే పాడుచేసుకోకు. ఫైనల్ రిపోర్టులో మాత్రం డిటెక్టర్ ఇచ్చిన రా డేటా ఉన్నదున్నట్టు పెట్టు, సరేనా?"

"ఉత్సవం అయ్యాక తీసేస్తారా మేడం?"

"అది వాళ్లిష్టం కదమ్మా."

సత్తిబాబుగారి కొట్లో నూనె పీపాల మధ్య నడవడానికి సన్నటి దారి. ఆయన ఫోన్లో పాలకొల్లు పార్టీతో రేటు మాట్లాడుతూ, కూర్చోమని స్టూలు చూపించారు. మాట్లాడటం అయ్యేదాకా వీరదుర్గ నిలబడే ఉంది.

"పెట్టెలో పలకలు లేవండి."

"తెలుసమ్మా. నేనే తీయించాను."

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. దారిలో కూడబలుక్కున్నవన్నీ తడబడ్డాయి.

"మరి ఆకాశం వాయిస్తోందని జనం అనుకుంటున్నారండి. అది మా నాన్న రికార్డు. రికార్డే పెట్టేటప్పుడు మనిషినే కూర్చోబెట్టచ్చు కదండి. ఆయన వాయిస్తాడు. తెర వేసినప్పుడు ఏనాడూ ఆగలేదు."

"దగ్గు రాలేదా మొన్న శ్రావణంలో?"

"వచ్చిందండి. అయినా ఆపలేదు. దగ్గుతూనే..."

"అదే నేను చెప్పేది." ఆయన గొంతులో కోపం లేదు. "నేను మీ నాన్నకు అన్యాయం చేసేవాణ్ని కాదు. గుడి నుంచి అందేది అందుతుంది. ఒక్క మాట అడుగుతా, చెప్పు. మీ నాన్న ఇన్నేళ్లు వాయించాడు. ఎవరైనా కళ్లు మూసుకుని విన్నారా? చెప్పులెక్కడ వదిలామో చూసుకుంటూ, ఫోన్లు మాట్లాడుకుంటూ ఉండేవారు. ఇప్పుడు చూడు. పసిపిల్లలు కూడా కదలట్లేదు. ఆ స్వరాలు మీ నాన్నవే అంటున్నావు. మరప్పుడెందుకు వినలేదు?"

వీరదుర్గ పీపాల మీది రేట్ల చీటీలకేసి చూసింది.

"దేవుడు వాయిస్తున్నాడంటే వింటారు. లోవరాజు వాయిస్తున్నాడంటే వినరు. నేనేం చెయ్యనమ్మా? నువ్వెళ్లి అది మా నాన్నది అని మైకులో చెప్పు, నేను అడ్డం రాను. రేపట్నుంచి అదీ వినరు."

ఆయన ఫోన్ మళ్లీ మోగింది. ఆమె వచ్చిన దారినే, పీపాలకు తగలకుండా ఒంటిని ఒదిగించుకుని బయటికి వచ్చింది.

ఇంటి దగ్గర లోవరాజు అరుగు మీద కూర్చుని పలకలను చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. గుళ్లోంచి ఆయనే తెచ్చినట్టున్నాడు. వీరదుర్గ జరిగింది మొత్తం చెప్పింది. పెన్‌డ్రైవ్ సంగతి, మేడం సంగతి. నూనె కొట్లో చివరి మాట ఒక్కటీ చెప్పలేదు.

"అంటే పొద్దున్న ఆకాశం లేదన్నమాట," అన్నాడు లోవరాజు.

"లేదు. అంతా నువ్వే."

"నాకు అనుమానం వచ్చింది."

"వస్తే అప్పుడే అనచ్చు కదా నాన్నా."

"ఆ 'ద' ఉంది చూశావా, అది వస్తోంది, వస్తోంది, మళ్లీ మళ్లీ అదే వస్తోంది. నువ్వు రికార్డు చేసినప్పుడు నాకు జలుబు. పీక కూడా నానలేదు. 'ద' దగ్గర గాలి జారింది. మధ్యమధ్యలో ఖాళీ ఉన్నప్పుడు తెలీలేదు గానీ, పొద్దున్న విన్నావుగా, గొంతు బొంగురుపోయిన మనిషి పిలుస్తున్నట్టు ఉంది." పలకలను జాగ్రత్తగా కింద పెట్టాడు. "స్వామి దగ్గర రోజూ అది మోగుతుంటే ఎలాగమ్మా? దుర్గాసాయి కొట్టు తీసే ఉంటుందా?"

"ఎందుకు?"

"ఇంకోసారి వాయిస్తాను. మంచిది పెట్టుకోమని చెబుదాం."

వీరదుర్గ ఆయన మొహంలోకి చూసింది. వెటకారమేమో అనుకుంది. కాదు. ఆయన అప్పటికే సంచి అందుకుంటున్నాడు.

"నువ్వు వెళ్లద్దు నాన్నా. నువ్వు వాయించి ఇచ్చావంటే ఇక ఎప్పటికీ తీయరు."

"తీయరని నాకు తెలుసులే," అన్నాడు లోవరాజు. "ఉన్నదైనా సరిగ్గా ఉండాలి కదా."

దుర్గాసాయి కొట్టు వెనక గదిలో పాత దుప్పట్లు గోడలకు కట్టి ఉన్నాయి. ఫ్యాను ఆపేశాడు. లోవరాజు గోడకు ఆనకుండా నిటారుగా కూర్చుని, పీక తడిపి, 'స' పట్టాడు. గది నిండిపోయింది. తర్వాత 'రి', తర్వాత 'గ'.

"ఇంకోటి బాబాయ్. మొదట్లో ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. అది రాకూడదు."

"ఊపిరి తీసుకోకుండా ఎలాగయ్యా?"

"తీసుకో, ముందే తీసేసుకో. నేను చెయ్యి ఊపాక వదులు."

లోవరాజు ముందే తీసుకున్నాడు. చెంపలు ఉబ్బించి, కళ్లు దుర్గాసాయి చేతి మీద నిలిపి కూర్చున్నాడు. చెయ్యి ఊగింది. 'ప' వచ్చింది. 'ద' దగ్గర ఆయన ఆగి, పీక మార్చి, మళ్లీ పట్టాడు. ఈసారి ఎక్కడా జారలేదు. అంత నిండుగా ఆ స్వరాన్ని వీరదుర్గ ఎన్నడూ వినలేదు. వినేవాళ్లు గదిలో ఇద్దరే.

"చాలు బాబాయ్. అయిదే కదా కావాలి."

లోవరాజు సన్నాయి పెదవుల దగ్గరే ఉంచుకున్నాడు. "వరస నువ్వే పెడతావా?"

"నిన్నటి వరసలోనే ఇవి అతికిస్తా."

"అలాగా." సన్నాయి దించి, తలుపు వైపు చూస్తూ అడిగాడు. "పంతులుగారు తెర తీశారని దానికెలా తెలుస్తుంది?"

"తెలీదు. ఎవరో ఒకరు స్విచ్ ఆపాలి."

ఉత్సవం ఆఖరి రోజు గుడి కిక్కిరిసిపోయింది. రామచంద్రపురం నుంచి కూడా జనం వచ్చారు. అరుగు మీద పెట్టెకు పూలదండ వేశారు. అది పట్టేసరికి మనిషి కూర్చునే చోటు లేకపోయింది. లోవరాజు జీవితంలో మొదటిసారి జనంలో, స్వామికి ఎదురుగా నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన పంచె, భుజం మీద జరీ కండువా. చేతిలో సంచి లేదు.

తెర పడింది. కొత్త స్వరాలు మొదలయ్యాయి. 'ద' వచ్చినప్పుడల్లా ఆయన గడ్డం కొంచెం పైకి లేచి, మళ్లీ దిగింది. చుట్టూ అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన ఒక్కడే తెరిచి ఉంచాడు.

తెర తొలగింది. పంతులుగారు హారతి పళ్లెం ఎత్తారు. స్విచ్ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. జనం ఎక్కువని ఇవాళ స్పీకరు బాగా పెంచారు, సన్నాయి సాగుతూనే ఉంది. పంతులుగారి మంత్రం సన్నాయిని దాటి వినిపించడం లేదు. పంతులుగారు ఎన్నో ఏళ్ల అలవాటుగా అరుగు వైపు తిరిగి ఎడమ చెయ్యి ఎత్తి మెల్లగా కిందికి దించారు. ఇక చాలు, అని ఆయన లోవరాజుకు చేసే సైగ అది.

పెట్టె చూడలేదు. స, గ, ద, ప.

పంతులుగారు చెయ్యి మళ్లీ ఎత్తారు. కర్పూరం కరిగిపోతోంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

లోవరాజు కదిలాడు. "కొంచెం దారి ఇవ్వండమ్మా, కొంచెం," అంటూ భుజాల మధ్య నుంచి దూరి, అరుగు దగ్గరికి వెళ్లి, దండ పక్కకు జరిపి స్విచ్ నొక్కాడు. స్వరం మధ్యలో తెగింది. మంత్రం వినిపించింది. పంతులుగారు హాయిగా తల ఊపి, హారతి తిప్పారు.

వీరదుర్గ జనానికి అవతల ఉంది. నాన్న ఆపాడు, అనుకుంది. ఆ క్షణంలో ఏదో అవుతుందని, ఆయన ఇటు తిరిగి ఏదో అంటాడని ఎదురుచూసింది.

సత్తిబాబుగారు హారతి కళ్లకద్దుకున్న చేతులతోనే లోవరాజు దగ్గరికి వచ్చారు.

"సమయానికి చూశావు. పంతులుగారి సైగ నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు? రేపట్నుంచి ఆ స్విచ్ నువ్వే చూసుకో లోవరాజూ. తెర వెయ్యగానే వెయ్యడం, తియ్యగానే తియ్యడం. నీ చోటు నీకు ఉంటుంది."

"ఆయ్," అన్నాడు లోవరాజు. "అలాగేనండి బాబుగారూ."

మర్నాడు వీరదుర్గ కాలేజీకి బస్సెక్కే ముందు గుడి మెట్ల దగ్గర ఆగింది. దండ తీసేశారు. పెట్టెను కాస్త జరిపి అరుగు మీద మనిషికి సరిపడా చోటు చేశారు. లోవరాజు అక్కడ మఠం వేసుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాడు. కండువా సర్దుకున్నాడు. కుడి చెయ్యి స్విచ్ మీద ఆనించి, చూపు పంతులుగారి ఎడమ చెయ్యి మీద నిలిపాడు.

లోపల తెర లాగిన చప్పుడైంది. లోవరాజు గుండె నిండా ఊపిరి పీల్చుకుని స్విచ్ వేశాడు.